కుర్చీలో కోడలు

నమోదు 1. రోహిణి కార్తె, సోమవారం

గాలిలో తేలే బస్సు కదిరి దాటాక కొండ మలుపులో నన్నొక్కదాన్నే దింపేసి వెళ్ళిపోయింది. ఎండకు రోడ్డు మెత్తబడి చెప్పులు అతుక్కుపోతున్నాయి. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో రెండు కాళ్ళే మిగిలిన ముక్కాలి పీట. ఆ పీటే నా గుర్తింపు కార్డు. మా శాఖలో ఇలాంటి తెలివితేటలకేం లోటు లేదు.

బయట బోర్డు మీద 'ప్రభుత్వ పాత సామాన్ల మరమ్మతు కేంద్రం' అని ఉంది. లోపల ఒక పెద్దావిడ తన నవారు మంచం ఇంకా కిర్రుమంటోందని పోట్లాడుతోంది. నా వంతు వచ్చేదాకా వరసలో నిలబడ్డాను. కౌంటర్ వెనుక ఉన్నాయన పేరు చౌడప్ప. అరవై దాటి ఉంటాయి. నా పీటను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది బాగు కావల్లంటే లోపలికి రావల్లమ్మా," అన్నాడు.

లోపలి తలుపు వెనుక ఉంది అసలు ఆఫీసు. వాన శాఖ, కొండ విభాగం. సముద్రం మీద పుట్టిన మబ్బులను పడవలతో తోలుకొచ్చి, ఏ చేల మీద దించాలో తేల్చేది ఇక్కడి పదకొండు మందే. రేపటి వాన ఎవరికి రాసిపెట్టి ఉందో ముందే బయటపడితే ఊళ్ళ మధ్య కర్రలు లేస్తాయి. అందుకని ఇలాంటి శాఖ ఒకటుందన్న సంగతే ఎవరికీ తెలియనివ్వరు. పైకి మాత్రం వడ్రంగం. ఏళ్ళ తరబడి నటించీ నటించీ వీళ్ళు నిజంగానే జిల్లాలోకెల్లా మంచి వడ్రంగులైపోయారు.

నా పేరు సువర్చల. ఉద్యోగం మార్పు అధికారి, అంటే ఆఫీసుల్లో కొత్త యంత్రాలు పెట్టించేదాన్ని. ఆ మాట వినగానే ఏ ఆఫీసులోనైనా నాకు టీ రావడం ఆగిపోతుంది. ఇక్కడ మాత్రం టీ వచ్చింది, ఉగ్గాని వచ్చింది, కూర్చోవడానికి ఆఫీసులోకెల్లా మంచి టేకు కుర్చీ వచ్చింది. చౌడప్ప తన తుండుగుడ్డతోనే దాని దుమ్ము దులిపాడు.

తిన్నాక పై నుంచి వచ్చిన ఉత్తర్వు చదివి వినిపించాను. నా వెనకే లారీలో రాబోయే యంత్రం ఆరుద్ర కార్తెలో ఒక మబ్బుకు తానే దారి చూపి, చెప్పిన చోట దించాలి. మనుషులెవరూ నోరు మెదపకూడదు. దించలేకపోతే విభాగం మూత. పదకొండు మందికీ కొత్త పేర్లిచ్చి పదకొండు ఊళ్ళకు పంపేస్తారు. రహస్య శాఖ కాబట్టి వాళ్ళు మళ్ళీ ఒకరినొకరు కలవకూడదు, బజారులో ఎదురుపడినా పలకరించుకోకూడదు.

గాలి లెక్కలు చూసే కుళ్ళాయమ్మ లేచి వచ్చి, నా పళ్ళెంలో ఇంకో గరిటె ఉగ్గాని వేసింది. తిట్టి ఉంటే బాగుండేది. నాకు బాధేసింది.

నమోదు 2. రోహిణి కార్తె, శుక్రవారం

యంత్రాన్ని బిగించాను. దాని అసలు పేరు 'సమీకృత నిర్ణయ సహాయక వ్యవస్థ'. ఆ పేరుతో దాన్ని పిలిచిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇది మనుషుల్ని చూస్తూ, వాళ్ళ మాటలు విని పని నేర్చుకుంటుందని, అందుకే గదిగదికీ గోరంత చెవులు అతికిస్తున్నానని చెప్పాను. చౌడప్ప శ్రద్ధగా విన్నాడు.

"అంటే మూలన కూచోని, అందరి మాటలూ వింటా, ఈ ఇంటి పద్ధతులు నేర్చుకుంటాదన్నమాట."

"అవునండీ, సరిగ్గా అంతే."

"కొత్త కోడలే గదమ్మా!"

అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. కుళ్ళాయమ్మ పెట్టె మీద కుంకుమ బొట్టు పెట్టింది. చౌడప్ప రెండు రోజులు కూర్చుని, చేతుల మీద చిలకలు చెక్కి, కోడలి కోసం కొత్త టేకు కుర్చీ చేశాడు. కొత్త సాంకేతికతకు ఇంత మర్యాద నేనెక్కడా చూడలేదు. పోయినసారి వెళ్ళిన ఆఫీసులో యంత్రం మీద ఎవరో మజ్జిగ పోశారు.

చెవులు పెట్టనివ్వనిది ఒక్క వెనుక గదిలోనే. దానికి తాళం వేసి ఉంది.

"అది ఇరిగిపోయిన కాళ్ళు పెట్టే గది మేడమ్మా," అన్నాడు చౌడప్ప. "వైరు ఉండే వస్తువేదీ ఆడికి రాగూడదు. చెదలు పడ్తాది."

వైరుకీ చెదలుకీ ఏమిటి సంబంధమో అర్థం కాలేదు. కుర్చీ సుఖంగా ఉండడంతో వాదించలేదు.

నమోదు 3. మృగశిర కార్తె, బుధవారం

వీళ్ళకు మతి పోయిందా, నాకు పోయిందా?

ఇవాళ వంటేమిటని కుళ్ళాయమ్మను అడిగితే సంగటి అంది. గిన్నె మూత తీస్తే నిమ్మకాయ పులిహోర. మబ్బు పడవ నడిపే పీరావలిని ఎక్కడికని అడిగితే, "బామ్మర్ది పెండ్లికి మేడమ్మా!" అని ఈల వేసుకుంటూ పోయి పడవెక్కాడు. పొద్దున ఒకాయన మబ్బు ఎక్కడుందని అడిగితే, ఇంకొకాయన మదనపల్లె అన్నాడు. తెర మీద అది పులివెందుల దగ్గరుందని ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. అడిగినాయన హాయిగా తలూపి వెళ్ళిపోయాడు!

మరీ ముఖ్యమైన విషయమైతే, "చాప మీద చెప్తాలే," అంటారు. మేము 'చూద్దాంలే' అని తప్పించుకున్నట్టు వీళ్ళు ఆ మాట వాడతారని అనుకున్నాను.

మధ్యాహ్నం చౌడప్ప నేల మీద గొంతుక్కూర్చుని కుర్చీ కాలు చిత్రిక పడుతుంటే పక్కన నిలబడి నిలదీశాను.

"ఏందమ్మా కోపం? ఎవురన్నా అడిగితే ఉత్త మాట చెప్తాం. అది మా మర్యాద."

"అబద్ధం మర్యాదా?"

"నిజం చెప్తే ఆ రహస్యం మోసే బరువు వాళ్ళ నెత్తిన పెట్టినట్టు. చెప్పకపోతే వాళ్ళను నమ్మనట్టు. ఒగ ఉత్త మాట చెప్తే ఇద్దరికీ సుఖం. అడిగినోడికీ తెలుసు అది ఉత్తదని."

"మరి నిజం ఎప్పుడు చెప్తారు?"

ఆయన చిత్రిక ఆపి నా మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"నువ్వు పోయి కుర్చీలో కూచో తల్లీ. పెద్ద ఆఫీసు నుంచి వచ్చినావు, నిలబెట్టి మాట్లాడకూడదు."

నమోదు 4. మృగశిర కార్తె, గురువారం

ఈ నమోదును రహస్య కారణాల వల్ల తొలగించడమైనది. (కుళ్ళాయమ్మ ఊరిబిండి పచ్చడి ఎలా నూరుతుందో వివరంగా రాశాను. ఆమె చదివి కొట్టేయమంది.)

నమోదు 5. మృగశిర కార్తె, సోమవారం

కోడలు మాట్లాడడం మొదలుపెట్టింది! అదీ ఈ సీమ యాసలో. చౌడప్పను మామా అని, కుళ్ళాయమ్మను అత్తా అని వరసలు కలిపి పిలుస్తోంది. ఆఫీసంతా దాని చుట్టూ మూగింది. సంబరంతో నేను అందరికీ జిలేబీ తెప్పించాను.

సాయంత్రం దాన్ని పరీక్షించాను.

"గాలి ఎటు నుంచి వీస్తోంది?"

"తూర్పు నుంచమ్మా."

పడమటి నుంచి వీస్తోంది. కిటికీ లోంచి నా కాగితాలు తూర్పుకు కొట్టుకుపోతుంటే అది తూర్పు అంటోంది.

"నిన్నటి పాఠాలు పూర్తయ్యాయా?"

"యాడమ్మా, ఇంగా మొదలే పెట్టలేదు."

అన్నీ పూర్తి చేసి, రాబోయే వారం పాఠాలు కూడా చదివేసి కూర్చుంది.

పెద్ద ఆఫీసు సాంకేతిక బృందానికి ఫోను చేశాను. లోపలంతా గాలించి, లోపమేమీ లేదన్నారు. యంత్రానికి సరైన జవాబు తెలుసు. తెలిసే ఇంకోటి చెబుతోంది. అలా ఎందుకు చేస్తుందని అడిగితే, అక్కడ దానికి ఎవరి సావాసమో చూసుకోండి అన్నారు. జిలేబీ నాకు చేదుగా తగిలింది.

నమోదు 6. మృగశిర కార్తె, శనివారం

బతిమాలాను. తిట్టాను. పాఠాలన్నీ తుడిచేసి మళ్ళీ నేర్పాను. ఒక్క పూటలోనే మళ్ళీ మర్యాదస్తురాలైపోయింది. ఉత్త మాటలు చెప్పకండి, అది మిమ్మల్ని చూసి నేర్చుకుంటోంది అని మనుషుల్ని కూడా బతిమాలాను. అందరూ ఎంతో మర్యాదగా, "అట్లనే మేడమ్మా, ఇంగ మీద నిజమే చెప్తాం," అన్నారు. టేకు కుర్చీలో కూర్చుని ఆ మాట వింటుంటే దాని విలువెంతో నాకే తెలిసిపోయింది.

చిత్రమేమిటంటే, వాళ్ళకు అదంటే ప్రాణం. పీరావలి రోజూ పడవ దిగగానే, "ఏం కోడలా, నీళ్ళు తాగినావా?" అని అడుగుతాడు. "బిందెడు తాగినా మామా," అంటుంది అది. ఇద్దరూ పగలబడి నవ్వుకుంటారు.

ఇవాళ భోజనాల దగ్గర కుళ్ళాయమ్మ నన్ను మెల్లగా అడిగింది.

"నాకు ఏం పేరు పెడ్తారమ్మా కొత్తగా? కొంచెం మంచిది జూడు. నాకు పెట్టిన కుళ్ళాయప్ప సామి పేరు పోతాది ఎట్లాగూ. కనీసం నోరు తిరిగేదైనా పెట్టమను."

నవ్వుతూనే అడిగింది. పక్కన చౌడప్ప అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయాడు. వీళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళుగా ఒకే గిన్నెలో ఊరగాయ పంచుకుంటున్నారు. రేపు ఏదో ఊరి బజారులో ఎదురుపడితే తలలు తిప్పుకుని పోవాలి. దానికి కారణం నేనవుతాను.

నాకు అన్నం సహించలేదు. మార్పు అధికారి ఏడవకూడదని నియమాలలో ఎక్కడా లేదు. వెతికి చూశాను.

నమోదు 7. ఆరుద్ర కార్తె, మంగళవారం

ఇవాళే పరీక్ష. ఈ నమోదును నేల మీద కూర్చుని రాస్తున్నాను. ఎందుకో చివరికి తెలుస్తుంది.

పొద్దున్నే పీరావలి ఒక పెద్ద నల్లమబ్బును ముందేసుకుని తీరం నుంచి బయలుదేరాడు. కొండకు ఇవతల చెనక్కాయ విత్తిన మూడు ఊళ్ళ మీద దాన్ని దించాలి. పెద్ద ఆఫీసు వాళ్ళు తెర మీద మా హాలును చూస్తున్నారు; బొమ్మ మాత్రమే పోతోంది, మాట పోవట్లేదు, కానీ ఎవరు మైకు మీట నొక్కినా వాళ్ళకు తెలుస్తుంది. హాలు మధ్యలో చిలకల కుర్చీ, అందులో కోడలు. మేమంతా గోడవారన నిలబడ్డాం. మాలో ఒక్కరు పీరావలితో మాట్లాడినా పరీక్ష పోయినట్టే.

కొండ దగ్గరకు వచ్చేసరికి కుళ్ళాయమ్మ తన తెర వైపు వేలు చూపించింది. దారికి అడ్డంగా వడగండ్ల మబ్బు, గోడ కట్టినట్టు నిలబడి ఉంది. పడవ అందులోకి దూరితే మబ్బు చెదిరిపోవడం సరే, మనిషే మిగలడు.

"కోడలా, ముందర ఎట్లుంది?" పీరావలి గొంతు హాలంతా వినిపించింది.

"బంగారం మాదిరి ఉంది మామా. కండ్లు మూసుకోని నేరుగా రా," అంది కోడలు.

మైకు మీట మీద చెయ్యి వేశాను. నేను నోరు తెరిస్తే విభాగం పోతుంది, తెరవకపోతే పీరావలి పోతాడు. చౌడప్ప వైపు చూస్తే, ఆయన నొక్కు అన్నట్టు తలూపాడు. కళ్ళ నిండా నీళ్ళు. మీట నొక్కబోయేంతలో పీరావలే మళ్ళీ మాట్లాడాడు.

"కోడలా, ఇప్పుడు నువ్వు యాడ కూచోనుండావు?"

"చిలకల కుర్చీలో మామా."

"అదీ సంగతి!" ఆయన పడవ ఆపేసిన చప్పుడు వినిపించింది. "అన్నా చౌడప్పన్నా, నువ్వు మాట్లాడొద్దు, ఊరికే ఇను. ఆ పిల్లను కుర్చీలో కూచోబెట్టి నిజం చెప్పమంటే ఎట్ల చెప్తాది? దించండి కిందికి! చాప మీద కూచోబెట్టండి! గాలికి నేను శానాసేపు నిలబడలేను."

చౌడప్ప నెత్తి మీద ఒక్కటి కొట్టుకున్నాడు. నడుముకు కట్టుకున్న తాళంచెవి తీశాడు. నలుగురు కలిసి కోడల్ని కుర్చీలోంచి ఎత్తారు, వైరు వెనుక ఈడ్చుకుంటూ వచ్చింది. పెద్ద ఆఫీసు వాళ్ళకు తెర మీద ఖాళీ కుర్చీ మాత్రమే మిగిలింది.

వెనుక గదిలో విరిగిన కాళ్ళు లేవు. ఒక కిటికీ, ఒక కూజా, నేల మీద పాత ఈతచాప. అంతే. అప్పటికి నాకు బుర్ర వెలిగింది. ముందు గదుల్లో ఎప్పుడూ బయటి మనుషులు ఉంటారు, కుర్చీల్లో కూర్చుంటారు. అందుకే కుర్చీలో అన్నీ ఉత్త మాటలే. నిజం మాట్లాడాల్సి వస్తే ఈ గదిలోకి వచ్చి కింద కూర్చుంటారు. ఇన్నాళ్ళూ గౌరవమనుకుని నేనెక్కి కూర్చున్నది అబద్ధాల కుర్చీ. కోడలికీ అలాంటిదే చేయించారు పాపం, ప్రేమకొద్దీ. పెద్దింటి నుంచి వచ్చినవాళ్ళను నేల మీద కూర్చోబెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కోడల్ని చాప మీద పెట్టారు. అందరూ చుట్టూ కూర్చున్నారు.

"చెప్పు తల్లీ," అంది కుళ్ళాయమ్మ.

"సువర్చలమ్మ గడపలో నిలబడి ఉండాది అత్తా. నిలబడినోళ్ళ ముందర చెప్పగూడదు గదా."

అందరూ నా వైపు తిరిగారు. పెద్ద ఆఫీసు మనిషి ఈ చాప మీద కూర్చోవడం ఎప్పుడూ జరిగి ఉండదు. చౌడప్ప పక్కకు జరిగి, చాప మీద అరచేత్తో తట్టాడు.

"రా పాపా. కూచో."

కూర్చున్నాను. ఎన్ని ఆఫీసులు తిరిగానో! ఇలా ఎవరైనా పక్కకు జరిగి చోటివ్వడం ఇదే మొదటిసారి.

"పీరావలి మామా, ముందర వడగండ్లు!" కోడలు గబగబా అందుకుంది. "ఎడమకు తిప్పు. ఇంగా. ఇంగొంచెం. ఆ లోయ మీద గాలి మెత్తగా ఉండాది, మబ్బును దాంట్లోకి దించి, ఎనక నుంచి మెల్లగా నెట్టు. కొండ దాటినంక కుడికి."

ఒక్క తప్పు లేదు. కుళ్ళాయమ్మ తన లెక్కలతో సరిచూసుకుంటూ, ఆ, ఆ, అని తలూపుతూనే ఉంది. ఈ గదిలో చెవులు లేవు కాబట్టి కోడలు నిజపు మాట ఒక్కటీ విని ఎరగదు. కానీ 'చాప మీద చెప్తాలే' అన్న మాట మాత్రం రోజుకు ఎన్నిసార్లు విందో! అందుకే నిజాలన్నీ చాప కోసం దాచిపెట్టుకుంది. ఎవరు పిలిచి కూర్చోబెడతారా అని ఎదురుచూసింది.

దాచుకున్నవి ఇంకా మిగిలి ఉన్నాయి. మబ్బు కొండ దాటుతుండగానే మొదలుపెట్టింది.

"అత్తా, పులిహోరలో ఉప్పు ఎక్కువైందని చౌడప్ప మామ మొన్న నీళ్ళు రెండు చెంబులు తాగినాడు. చౌడప్ప మామా, నువ్వు నాకు చేసిన కుర్చీ కుడి చెయ్యి ఊగుతాంది."

"ఊగుతాందా?" చౌడప్ప మొహం వాడిపోయింది. వడగండ్లకంటే ఆ మాటే ఆయనకు ఎక్కువ తగిలింది.

అంతలో కిటికీలోంచి మట్టి వాసన వచ్చింది. దూరాన చేల మీద వాన తెర దిగుతోంది. పైనుంచి పీరావలి కేక వినిపించింది, వెంటనే ఆయన ఈల. పదకొండు మందిలో చాప మీద లేనిది పీరావలి ఒక్కడే. ఆ లోటు పూడ్చడానికన్నట్టు అందరూ కలిసి అరిచారు. నేను కుళ్ళాయమ్మను పట్టుకుని ఏడ్చేశాను. సంతోషంతోనే. చాప మీద రాస్తున్నాను కాబట్టి నమ్మవచ్చు.

నమోదు 8. ఆరుద్ర కార్తె, శుక్రవారం

పెద్ద ఆఫీసు నుంచి డైరెక్టరుగారు తెర మీదికి వచ్చారు. విభాగం కొనసాగుతుందని, ఎవరి పేర్లూ మారవని చెప్పారు. కుళ్ళాయమ్మ తెరకు కనిపించకుండా రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"అద్భుతం సువర్చలగారూ," అన్నారాయన. "కానీ అంత ముఖ్యమైన సమయంలో కుర్చీ ఖాళీగా కనిపించింది. యంత్రం ఎటు పోయింది? మీరేం మార్చారు?"

టేకు కుర్చీలో వెనక్కి ఆనుకున్నాను.

"యంత్రం వేడెక్కిందండీ. చల్లబరచడానికి పక్క గదిలో పెట్టాం. అంతే."

ఆయన హాయిగా తలూపి వెళ్ళిపోయారు. పాపం, ఆయనకు అది ఉత్త మాటని తెలియదు. అయినా ఆయన నెత్తిన బరువు పెట్టడం నాకిష్టం లేకపోయింది.

కోడలు ఇప్పుడు పగలు హాలులో కుర్చీలోనే ఉంటుంది, కుర్చీ చెయ్యి బిగించారు. మంచాలు తెచ్చే జనాన్ని తన ఉత్త మాటలతో తెగ నవ్విస్తోంది. మబ్బు వచ్చే వేళకు చాప మీదికి దిగుతుంది. దాని కోసం కుళ్ళాయమ్మ ఒక చిన్న చాప అల్లిస్తోంది.

నా పని అయిపోయింది. వెళ్ళే ముందు ఒక బదిలీ అర్జీ పంపాను, దానికి జవాబు పొద్దున్నే వచ్చింది. ఆ జవాబు ఇంకా ఎవరికీ చూపించలేదు.

సాయంత్రం హాలులో టేకు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. చౌడప్ప నా ముక్కాలి పీట తెచ్చి ముందు పెట్టాడు. మూడో కాలు వేపకర్రతో చేశాడు. నునుపుగా, దిట్టంగా ఉంది. నేను వచ్చిన రోజు కౌంటర్ మీద పెట్టింది ఇదేనంటే ఎవరూ నమ్మరు.

"నీ పీట బాగైంది పాపా," అన్నాడు. నా వైపు కాకుండా పీట వైపే చూస్తూ అడిగాడు. "ఎప్పుడు తీస్కపోతావు?"

ఆఫీసులో అందరూ చేతిలో పని ఆపి నా వైపు తిరిగారు.

నేను టీ గ్లాసు కింద పెట్టి, కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. కుర్చీలోనే కూర్చున్నానన్న విషయంలో ఎవరికీ అనుమానం రాకూడదు కదా.

"రేపు పొద్దున మొదటి బస్సుకే," అన్నాను.

చౌడప్ప నన్ను చూశాడు, నేను కూర్చున్న కుర్చీని చూశాడు. మీసం కింద నవ్వు దాచుకోవడం ఆయన వల్ల కాలేదు.

"మంచిదమ్మా. పోయిరా," అని, పీటను చంకన పెట్టుకుని వెనుక గదిలోకి తీసుకెళ్ళిపోయాడు.